గొళ్లెంలో చెంచా

గొడవంతా ఒక చెంచా గురించి. ఉప్మా తినే మామూలు స్టీలు చెంచా. దాని మీద పదకొండు రోజులుగా పదిహేను దేశాల వాళ్లు కొట్టుకుంటున్నారంటే ఎవరూ నమ్మరు గాని, మల్దకల్ దగ్గరి ఒక ఊళ్లో శ్రుతి రోజూ పొద్దున్నే కంప్యూటర్ ముందు కూర్చుని ఆ కొట్లాటంతా వరసగా చదువుతూ ఉంది.

"ఆట అదిరింది. నలభై నిమిషాలు ఆడితే రెండు రోజులు లైటు ఆపి పడుకోలేదు. కానీ ఆ తలుపు గొళ్లెంలో చెంచా ఎందుకుంది? ఎంత నొక్కినా కదలదు. దయచేసి సరిచేయండి" అని ఒకరు రాశారు. దాని కింద ఇంకొకరు, "అది తప్పు కాదు, కథకు అసలు కీలకం ఆ చెంచాయే, మీకు అర్థం కాలేదంతే" అని ఎగిరారు. ఒక మహానుభావుడైతే చెంచా చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టి ఇరవై నిమిషాల వీడియో చేశాడు. అందులో అతను తేల్చిందేమిటంటే, ఆ ఇంట్లో అందరూ విషం తిని చచ్చిపోయారట, ఆ విషం తినిపించింది ఆ చెంచాతోనేనట. గోరంత చెంచాను అలా కొండంత చేశాడు. దాన్ని లక్షా పదివేల మంది చూశారు.

నిజానికి చెంచా అక్కడ ఎందుకుందంటే, వాళ్లింట్లో ఆ గొళ్లానికి తాళంకప్ప లేదు కాబట్టి ఉంది. ఆట కోసం తలుపు బొమ్మ కావలసి వచ్చినప్పుడు శ్రుతి పెద్దగా బుర్ర బద్దలు కొట్టుకోలేదు. కుర్చీ వెనక్కి తిప్పి, తమ ఇంటి తలుపునే ఫోనులో ఫోటో తీసి, దాన్ని చూసి గీసింది. గొళ్లెం, అందులో దూర్చిన చెంచా, చెక్క మీద పాత పసుపు మరకలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు దిగిపోయాయి. రోజూ చూసేది కంటికి ఆనదంటారు. చెంచా గీశానని ఆమెకు జనం అడిగేదాకా తెలియనే తెలియదు.

ఆ తలుపు వెనక గదిలో వాళ్ల అవ్వ ఈదమ్మ ఉంటుంది.

ఈదమ్మ శ్రుతికి నాయనమ్మ. డెబ్భై ఆరేళ్లు. అందులో ముప్పై ఏళ్లు సీడ్ పత్తి చేలల్లో క్రాసింగ్ పని చేసింది. గద్వాల వైపు వానాకాలం వచ్చిందంటే చాలా ఇళ్లలో అందరిదీ అదే పని. సాయంత్రం పూట ఆడ చెట్ల మొగ్గలను గోటితో ఒలిచి లోపలి పుప్పొడి తీసేయాలి. మర్నాడు పొద్దున మగ చెట్ల పువ్వులు తెంపి, ఒలిచిన మొగ్గకు రుద్ది, గుర్తుకు దారం కట్టాలి. ఎండెక్కి పువ్వు ముడుచుకుందంటే ఆ రోజు పని గాలికి పోయినట్టే. రెండు నెలల పాటు ఒక్క పూట నాగా పెట్టడానికి లేదు. ఈదమ్మ వేళ్లంత చురుకైన వేళ్లు చుట్టుపక్కల నాలుగు ఊళ్లలో లేవని ఒకప్పుడు పేరు.

ఇప్పుడు వేళ్లు బాగానే ఉన్నాయి, మతి నిలవడం లేదు. కొడుకు మద్దిలేటిని ఒక్కోసారి చనిపోయిన తమ్ముడనుకుంటుంది. కోడలు జములమ్మను పట్టుకుని, ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు అంటుంది. పోయిన ఏడు ఎవరూ చూడకుండా చేలో దూరి, ఒలవని మొగ్గలకు కూడా దారాలు కట్టేసింది. కల్తీ ఉందని ఆ ఏడు విత్తనం కంపెనీ పరీక్షలో నిలవలేదు. అది ఈదమ్మ వల్లనో, మరి దేనివల్లనో ఎవరు చెప్పొచ్చారు? మద్దిలేటి మాత్రం ఆమె వల్లే అన్నాడు. ఆ తర్వాత ఒకరోజు రెండు ఊళ్లు దాటి రోడ్డు మధ్యలో నడుస్తుంటే లారీ డ్రైవరు ఒకతను ఆపి, తెచ్చి ఇంటి దగ్గర దింపాడు. అప్పటినుంచి గొళ్లెం.

"మా అమ్మను గొళ్లెం పెట్టి ఉంచాలంటె నాకు మంచిగ అనిపిస్తదా? మరి ఏం జెయ్యాలె? చేను ఇడిస్తె ఏడాది పోతది. ఆమెను ఇడిస్తె ఆమెనే పోతది" అన్నాడు మద్దిలేటి.

పద్ధతి ఇది. తెల్లవారుతూనే జములమ్మ అత్తకు నీళ్లు పోసి, రొట్టె తినిపించి, ఏడింటికి తలుపు మూసి, గొళ్లెంలో చెంచా దూర్చి చేనుకు పోతుంది. ఒంటిగంటకు వచ్చి తీస్తుంది. గదిలో తాగే నీళ్ల బిందె ఉంది, మూలకు నీళ్లు పోసుకునే జాగా ఉంది. మధ్యలో కాపలా శ్రుతి. "నువ్వొక్కదానివే ఉన్నప్పుడు తియ్యకు. ఉరికితె నీకు ఆగదు" అని తల్లి గట్టిగా చెప్పింది.

వనపర్తిలో ఇంజనీరింగ్ చదివి ఏడాది దాటిన పిల్ల. ఉద్యోగం రాలేదు. ఉద్యోగం లేని పిల్లకు ఇంట్లో పనికి కొదవుండదు కదా, ఈ పని పడింది. వీధి తలుపు బార్లా తెరిచే ఉంటుంది. అయినా గడప దాటడానికి లేదు. గొళ్లానికి అవతల ఒకరు, ఇవతల ఒకరు, ఇద్దరూ ఖైదీలే. ఇవతలి ఖైదీకి ఇంటర్నెట్ ఉంది, అంతే తేడా.

ఈ ఏడు క్రాసింగ్ మొదలైన మొదటి వారం శ్రుతికి పిచ్చెక్కినంత పనైంది. ఎనిమిది కొట్టగానే లోపలినుంచి మొదలయ్యేది.

"పువ్వు మూసుకుంటది బిడ్డా. తలుపు తియ్యి."

అరుపు కాదు. గొంతు పెంచేది కాదు. ఎవరినో నొప్పించకుండా బతిమాలుతున్నట్టు, ఊపిరికొక మాటగా, పన్నెండు దాకా. శ్రుతి హెడ్‌ఫోన్లు కొనుక్కుంది. చెవులు మూసుకుని ఆట తయారుచేయడంలో పడింది. చిన్న ఆట. అందులో ఆడేవాళ్లు ఒక ఖాళీ ఇంట్లో ఉన్న అమ్మాయి అవుతారు. మూసిన గదిలోంచి ఒక గొంతు పిలుస్తుంది. తాళంచెవి వెతకాలి. బియ్యం డబ్బాలో, దేవుడి పటాల వెనక, పాత చీరల మూటలో వెతికి వెతికి చివరికి దొరికేసరికి గొంతు ఆగిపోతుంది. తెర నల్లబడుతుంది. ఆ గొంతు ఎక్కడినుంచి తేవాలా అని ఆలోచించి, ఒకరోజు హెడ్‌ఫోన్లు తీసి, ఫోను తీసుకెళ్లి తలుపుకు ఆనించింది. పని పది నిమిషాల్లో అయిపోయింది. అప్పుడు ఆమెకు తప్పు చేస్తున్నట్టు అనిపించలేదు. ఇంట్లో ఉన్న సరుకు వాడుకున్నట్టే అనిపించింది.

ఆట పేరు "పువ్వు మూసుకుంటది". వనపర్తిలో ఉండే స్నేహితురాలు షాజియా దాన్ని నెట్‌లో పెట్టింది. మూడో రోజుకల్లా అభిప్రాయాలు వచ్చి పడ్డాయి.

చెంచా మీద తిట్టినవాళ్లు కూడా గొంతును తిట్టలేదు. "ఆ ముసలామె గొంతు వింటే వెన్నులో చలి పుట్టింది." "ఇంత సహజంగా నటించిన వాళ్లను ఈ మధ్య వినలేదు." "భాష రాదు, అయినా ఏడ్చాను." మాటల అర్థం కింద ఎవరో పెట్టాక, పువ్వంటే ఏమిటని ఊహలు మొదలయ్యాయి. పువ్వంటే చచ్చినవాళ్ల కన్ను అని ఒకరు. పన్నెండేళ్లకోసారి తెరుచుకునే వేరే లోకపు వాకిలి అని ఇంకొకరు. పువ్వు మూసుకునేలోగా తలుపు తీస్తే దయ్యం బయటికొస్తుంది కాబట్టి తీయకపోవడమే తెలివి అని ఎక్కువమంది. తీస్తారా, తీయరా అని ఎవరో ఓటింగ్ పెడితే నూటికి ఎనభై రెండు మంది తీసేది లేదన్నారు. పత్తి పువ్వు అని మాత్రం ఒక్కరికీ తట్టలేదు.

ఆ నటి ఎవరని పదే పదే అడిగితే శ్రుతి, "మా ఊరి పెద్ద కళాకారిణి" అని రాసింది. రాశాక కాసేపు ఆ మాటను చూస్తూ కూర్చుంది. కానీ చెరపలేదు.

గురువారం హైదరాబాదు నుంచి ఫోన్ వచ్చింది. ఆటలు తయారుచేసే ఒక కంపెనీలో పనిచేసే ప్రేమ్ కుమార్. మర్యాదస్తుడే.

"రెండో భాగం మేం చేస్తాం. మీరు వచ్చి మా దగ్గర చేరండి, జీతం మీద. ఒకటే కావాలి, ఆ గొంతు. సోమవారానికి ఒక గంట రికార్డింగ్ పంపండి. మీ ఆర్టిస్టుకు చెప్పండి, మొదటి దాంట్లో బతిమాలింది కదా, ఈసారి ఇంకొంచెం విరిగిపోవాలి. ఏడుపు కావాలి."

"చెప్త సార్" అంది శ్రుతి.

హైదరాబాదు. సొంత గది, సొంత తాళం, ఎవరికీ కాపలా ఉండని పొద్దు. షాజియాకు చెబితే ఆమె అవతల గంతులేసినంత పని చేసింది.

"గంట రికార్డింగే కదా? మీ అవ్వ రోజు నాలుగు గంటలు మాట్లాడతది అంటివి. ఏం పరేషాన్ లేదు. ఫోను పెట్టు, వచ్చెయ్యి."

"అవ్వకు తెల్వదు షాజియా."

"తెలిస్తె మాత్రం మనసుల ఉంటదా ఆమెకు?" అంది షాజియా. అది కూడా నిజమే.

శుక్రవారం ఈదమ్మ పిలవలేదు. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా గదిలో చప్పుడే లేదు. ఇన్నాళ్లూ ఆ గొంతు ఆగితే బాగుండునని మొక్కని దేవుడు లేడు శ్రుతికి. ఇప్పుడు అదే గొంతు కోసం ఫోను తలుపుకు ఆనించి, నేల మీద కూర్చుని గంటలకొద్దీ ఎదురుచూసింది. శనివారం పొద్దున కూడా అంతే. ఎనిమిది అయింది, ఎనిమిదిన్నర అయింది. లోపల మంచం కిర్రుమన్న చప్పుడు, దగ్గు, మళ్లీ ఏమీ లేదు.

తొమ్మిదింటికి శ్రుతి ఒక పని చేసింది. తర్వాత ఎవరికీ చెప్పుకోలేని పని. తలుపుకు నోరు దగ్గరగా పెట్టి, మెల్లగా అంది:

"అవ్వా. పొద్దెక్కింది. పువ్వు మూసుకుంటది."

లోపల గబగబా అడుగుల చప్పుడు. బిందె తగిలి పక్కకు దొర్లింది. తలుపు మీద చేతులు పడ్డాయి.

"ఔ బిడ్డా, మూసుకుంటది. తియ్యి బిడ్డా, పొద్దు పోతున్నది, తియ్యి. కాళ్లు మొక్కుత."

మనవరాలి కాళ్లు మొక్కుతానంటున్న ఆ మాట దగ్గర అవ్వ గొంతు నిజంగానే విరిగింది. ప్రేమ్ కుమార్ అడిగింది సరిగ్గా అదే. ఫోను మీద ఎర్ర చుక్క వెలుగుతూ ఉంది. శ్రుతి ఫోనును స్టూలు మీద తలుపుకు ఆనించి పెట్టి, కళ్లు తుడుచుకుని, వెళ్లి కుర్చీలో కూర్చుని హెడ్‌ఫోన్లు తగిలించుకుంది. చేతులు ఊరకే ఉండలేక అభిప్రాయాల పేజీ తెరిచింది.

పైన కొత్తది ఒకటి ఉంది. తెలుగులో. పేరు లేదు, ఊరు మాత్రం పాన్‌గల్ అని ఉంది.

"మా అమ్మ క్రాసింగ్ పనికి పోయేటప్పుడు నన్ను ఇంట్లో పెట్టి, గొళ్లెంలో గిట్లనే చెంచా దూర్చి పోయేది. నాకప్పుడు నాలుగేండ్లు. పాములొస్తయని, బాయిల పడతనని భయం ఆమెకు. పువ్వంటే పత్తి పువ్వు, ఇంక వేరేది కాదు. నాకు ఒకటి అర్థమైత లేదు. గొళ్లెం మన వైపే ఉన్నది. చెంచా మన చేతికి అందేటట్టే ఉన్నది. మరి నలభై నిమిషాలు తాళంచెవి ఎందుకు వెతుకుతున్నం?"

శ్రుతి దాన్ని రెండుసార్లు చదివింది. తాళంచెవికి ఆ తలుపులో రంధ్రమే లేదు. గీసింది తనే, ఆ సంగతి తనకే తట్టలేదు. హెడ్‌ఫోన్లు తీసేసింది. "కాళ్లు మొక్కుత" అని వినబడుతూనే ఉంది. లేచి వెళ్లి, ఇంకేమీ ఆలోచించకుండా చెంచా లాగి స్టూలు మీద పడేసి, గొళ్లెం తీసి తలుపు తెరిచింది.

ఈదమ్మ బయటికి దూకలేదు, ఉరకలేదు. గడపలో నిలబడి, వెలుతురుకు కళ్లు చికిలించి, మనవరాలి ముఖం కేసి చూసింది. తర్వాత కొంగుతో శ్రుతి ముక్కు తుడిచింది, గట్టిగా, చిన్నపిల్లకు తుడిచినట్టు.

"ఏడ్వకు. ఎందుకేడుస్తున్నవ్? అమ్మ యాడికి పోతదే? చేన్లకు పోయి గిట్లొస్త" అంది.

"అవ్వా, నేను శ్రుతిని."

"ఔ ఔ. లోపలికి దా. బయట పాములుంటయి" అని చెయ్యి పట్టుకుని గదిలోకి తీసుకెళ్లింది. శ్రుతి వెళ్లింది. ఆ చేతిలో అంత నమ్మకం ఉంది మరి, వెళ్లక ఏం చేస్తుంది? ఈదమ్మ ఆమెను మంచం మీద కూర్చోబెట్టి, దొర్లిన బిందె నిలబెట్టి, "దూపైతె తాగు. తలుపు కాడ నిలబడకు" అని జాగ్రత్తలు చెప్పింది. చెప్పి, చకచకా బయటికి నడిచి తలుపు లాగేసింది. గొళ్లెం పడిన చప్పుడు. వెంటనే చెంచా దూరిన చప్పుడు. శ్రుతి లేచి వచ్చేలోపల అంతా అయిపోయింది.

"అవ్వా, తలుపు తియ్యి."

వాకిట్లో అడుగుల చప్పుడు దూరమైంది.

"అవ్వా!"

ముందు నవ్వొచ్చింది ఆమెకు. తర్వాత భయం వేసింది, తన గురించి కాదు, అవ్వ గురించి. చేనుకే పోతుందా, రోడ్డుకు పోతుందా? తలుపును భుజంతో గుద్దింది. పాతకాలపు టేకు తలుపు, చెక్కుచెదరలేదు. కిటికీలోంచి అరిచింది. వీధిలో మనుషులెవరు? ముసలీ ముతకా తప్ప ఊరు ఊరంతా పత్తి చేలల్లో ఉంది. అరగంట అరిచేసరికి గొంతు బొంగురుపోయింది. బయట స్టూలు మీద ఫోను ఒకసారి మోగి ఆగింది. అమ్మేనేమో, చేతికందదు.

ఇక చేసేదేమీ లేక గదిని చూసింది. ఏడాదిగా పక్కనే ఉండి, ఈ గదిని ఇలా కూర్చుని చూసింది లేదు. కిటికీ ఊచలకు దారాలు. చీర అంచులోంచి లాగిన పోగులు, ఒక్కో ఊచకు వరసగా, సమంగా, ముడి మీద ముడి. మంచం కోళ్లకు దారాలు. బిందె మెడకు దారాలు. అవి వందలు. రోజూ పొద్దున ఈదమ్మ తన పని తాను చేస్తూనే ఉంది.

తలుపు చెక్కల మధ్య సన్నటి సందు ఉంది. కూర్చున్న మనిషి కంటి ఎత్తున. ఆ పక్కన చెక్క మీద నున్నగా నూనె మరక, నుదురు ఆనించీ ఆనించీ పడింది. శ్రుతి తన నుదురు అక్కడే ఆనించి సందులోంచి చూసింది.

తన కుర్చీ కనబడింది. అంతే, ఇంకేమీ కనబడదు అక్కడినుంచి. కుర్చీ వీపు, బల్ల, దాని మీద హెడ్‌ఫోన్లు.

ఇన్ని రోజులూ "బిడ్డా" అని పిలిచింది గాలినీ కాదు, గతించినవాళ్లనూ కాదు. మూడు బారల దూరంలో, ఇటు వీపు పెట్టి, చెవులు మూసుకుని కూర్చున్న తననే పిలిచింది. ఆమెకు తను కనబడుతూనే ఉంది, తను వినడం లేదని తెలుస్తూనే ఉంది, అయినా గొంతు పెంచకుండా అడిగింది. శ్రుతికి ఏడుపు తన్నుకొచ్చింది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోబోయి, వద్దనుకుని, గట్టిగానే ఏడ్చింది. "అమ్మా, తలుపు తియ్యి" అంది, ఎవరూ లేరని తెలిసి కూడా. ఆ గదిలో కూర్చుంటే ఆ మాట దానంతట అదే వస్తుందని అప్పుడు తెలిసింది.

పదకొండు కాకముందే జములమ్మ పరుగున వచ్చింది. చెంచా లాగి తలుపు తీసి, కూతురిని నిలువునా చూసి, గడప మీద కూలబడి ఊపిరి తీసుకుంది.

"అవ్వ యాడున్నది?" అంది శ్రుతి.

"చేన్లనే ఉన్నది. సక్కగ అక్కడికే వచ్చింది." జములమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. "గట్టు మీద నిలబడి ఒక్కటే మాట. 'పిల్లను లోపట ఏసి వచ్చిన, ఏడుస్తుంటది, ఎవరన్న పోయి తియ్యిండ్రి' అని. పువ్వు మీద చెయ్యి కూడ పెట్టలే. 'నువ్వు పోతవా, నేను పోవాల్నా' అని మీ నాయన మీదికి లేచింది. నేను ఇటు బయల్దేరినంక గాని కూసోలే."

మతి నిలవని మనిషి, నలభై ఏళ్ల కింద తన పిల్లల మీద మూసిన తలుపుకూ ఇప్పుడు మూసిన తలుపుకూ తేడా తెలియని మనిషి, లోపల పిల్ల ఉందని మాత్రం గంటసేపు కూడా మరిచిపోలేదు. మతి సరిగ్గా ఉన్న శ్రుతి క్రాసింగ్ మొదలైన ఈ నలభై రోజులూ మరిచింది.

"నువ్వు ఎందుకు తీసినవ్?" అంది జములమ్మ కాసేపటికి.

"బతిమాలుతుంటె తీసిన."

జములమ్మ చేతిలో చెంచాను అటూ ఇటూ తిప్పింది. "నేను పొద్దుగాల చెవులల్ల కొంగు కుక్కుకొని పోత" అంది తల వంచుకుని. "వీధి మలుపు దాటేదాంక తియ్య."

ఫోను ఇంకా రికార్డు చేస్తూనే ఉంది. ఆ సాయంత్రం శ్రుతి మొదటినుంచి విన్నది. మొదట తన గొంతే ఉంది, తియ్యగా, దొంగలా: "పొద్దెక్కింది, పువ్వు మూసుకుంటది." తర్వాత అవ్వ. తర్వాత తలుపు చప్పుడు. ఆ తర్వాత గంటన్నర పాటు మళ్లీ తనే, తలుపు తియ్యమని. మొత్తం తుడిచేసింది. ప్రేమ్ కుమార్‌కు ఫోన్ చేసి, ఆ గొంతు మా నాయనమ్మది, ఆమె నటించలేదు, ఇక రికార్డింగులు ఉండవు అని చెప్పింది.

అతను, "అయ్యో, మాకు తెలియదండీ" అన్నాడు. మళ్లీ, "పోనీ మొదటి ఆటకు ఎలాగూ తీశారు కదా, అదొక్కటి ఇవ్వగలరా" అన్నాడు. లేదంది. ఉద్యోగం మాట అతనూ ఎత్తలేదు, ఆమె కూడా ఎత్తలేదు. హైదరాబాదు అలా వచ్చి అలా పోయింది. బాధ వెయ్యలేదంటే అబద్ధం.

ఈదమ్మను చేనుకు తీసుకెళ్తానని శ్రుతి అంటే, మద్దిలేటి ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. తిట్టాడు, పోయిన ఏటి సంగతి ఎత్తాడు, బీడీ మీద బీడీ కాల్చాడు. చివరికి గట్టు పక్కన చివరి సాలు చూపించి, "ఈ సాలు ఆమెది. దీని పత్తి విత్తనంల కలవనియ్య, విడిగ ఏరుత. నువ్వు పక్కన ఉండాలె. ఒక్క అడుగు ఇవతలికి వస్తె మళ్లీ గొళ్లెమే" అన్నాడు. అంటే శ్రుతికి కాపలా తప్పలేదు. కాపలా ఎండలోకి మారింది, అంతే.

ఆటను కూడా ఆమె మార్చింది. గొంతు పూర్తిగా తీసేసి, మాటలు అక్షరాల్లో పెట్టింది. చెంచాను నొక్కితే కదిలేట్టు చేసింది. నొక్కారా, చెంచా చేతికొస్తుంది, తలుపు తెరుచుకుంటుంది, ముసలామె బయటికొచ్చి, "పొద్దెంతైంది బిడ్డా?" అని అడిగి, వాకిలి దాటి వెళ్లిపోతుంది. ఆట అయిపోయింది.

జనం ఊరుకుంటారా? ఆట మార్చిన ఐదో రోజు పొద్దున శ్రుతి గట్టు మీద కూర్చుని ఉండగా షాజియా ఫోన్ చేసింది. గొంతులో కోపం, నవ్వు రెండూ ఉన్నాయి.

"చూసినవా ఎట్ల తిడుతున్నరో? బంగారం అసొంటి ఆటను ఖరాబు చేసినవంట. నూట ముప్పై మంది చెడ్డ మార్కులు వేసిన్రు. ఇగో ఒకటి చదువుత విను. 'భయం పోయింది. గొంతు లేదు. మొదటి నిమిషంలోనే చెంచా లాగితే తలుపు తెరుచుకుంది. ఇంత తేలికైతే ఇన్ని రోజులు మమ్మల్ని ఎందుకు తిప్పారు?' అంట. ఏం జవాబియ్యమంటవ్?"

శ్రుతి సాలు వైపు చూసింది. ఈదమ్మ నడుం వంచి, మగ పువ్వును మొగ్గకు రుద్ది, నోట్లో పట్టుకున్న దారపు పోగు తీసి ముడి వేస్తూ ఉంది. ఆ మొగ్గ ఒలిచింది కాదు. ఆ ముడి ఎందుకూ పనికిరాదు.

"గంత తేలికనే ఉండె అని రాయి" అంది శ్రుతి.

"గంతేనా?"

"గంతే."

ఈదమ్మ తలెత్తి ఇటు చూసింది. ఇద్దరి మధ్య ఏ తలుపూ లేదు, ఎండ తప్ప.

"మాటలు బంజేసి ఇటు రా బిడ్డా" అంది. "పువ్వు మూసుకుంటది."

శ్రుతి ఫోను పక్కన పెట్టి లేచి వెళ్లింది.